ముప్ఫై అయిదేళ్ల గీత, రెండేళ్ల బిడ్డ

కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారానికి ఒక షరతు ఉంది. పురస్కారం ఇచ్చే ఏడాది జనవరి 1 నాటికి రచయిత వయసు 35 దాటకూడదు. చేతికొచ్చేది యాభై వేల రూపాయలు, ఒక తామ్ర ఫలకం. డబ్బు మాట అలా ఉంచితే, తెలుగులో కొత్తగా రాస్తున్నవాళ్లకు ఇంతకన్నా పెద్ద గుర్తింపు ఏముంది? రెండో పుస్తకం వేసేవాళ్లు దొరుకుతారు, అనువాదకుల కంట పడతారు, సభల్లో ముందు వరసలో కుర్చీ వస్తుంది. యువత అన్నాక ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. అందులో దురుద్దేశం లేదు. అయితే ఆ గీతకు ఇవతలి పదేళ్లలోనే ఒక ఆడపిల్ల చదువు ముగించాలి, ఉద్యోగంలో కుదురుకోవాలి, పెళ్లయి ఊరు మారాలి, బిడ్డను కనాలి, పెంచాలి, మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలి. కథల పుస్తకం కూడా ఆ పదేళ్లలోనే తేవాలి.

ఈ మాట ఎత్తగానే సలహా సిద్ధంగా ఉంటుంది: "తెల్లారి నాలుగింటికి లేచి రాసుకోవచ్చు కదమ్మా!" ఉదాహరణలకూ కొదవ లేదు. అమెరికాలో టోనీ మోరిసన్ భర్తతో విడిపోయి, ఇద్దరు కొడుకుల్ని పెంచుకుంటూ, రాండమ్ హౌస్‌లో ఎడిటర్‌గా పనిచేస్తూ, తెల్లవారకముందే లేచి రాసింది. కెనడాలో ఆలిస్ మన్రో పిల్లలు పడుకున్నాక రాసుకుంది. నిజమే. కానీ లెక్క పూర్తిగా చూడాలి. మోరిసన్ తొలి నవల 'ది బ్లూయెస్ట్ ఐ' 1970లో వచ్చింది, అప్పటికి ఆమెకు 39 ఏళ్లు. మన్రో తొలి పుస్తకం 1968లో, 37వ ఏట. ఒకరికి 1993లో, మరొకరికి 2013లో నోబెల్ వచ్చింది. మన నిబంధనల ప్రకారమైతే తొలి పుస్తకం చేతిలో పట్టుకుని వచ్చే సరికే ఇద్దరూ యువ పురస్కారానికి అనర్హులు.

పైగా నాలుగింటికి లేవమనేవాళ్లు ముందు రాత్రి బిడ్డ ఎన్నిసార్లు లేచిందని అడగరు. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' గుర్తుందా? కంటినిండా నిద్ర కోసం జీవితమంతా ఎదురుచూసిన ఇల్లాలి కథ అది. నిద్రే కరువైన ఇంట్లో నిద్ర మానుకుని రాయమనడం ఏం సలహా?

ఉద్యోగాన్ని మాత్రం నేను తప్పు పట్టను. తెలుగు కథకు ఉద్యోగం చేసిన మేలు తక్కువేం కాదు. కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) విశాఖలో బడిపంతులు. పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో సైన్సు పాఠాలు చెబుతూ రాసిన రోజులున్నాయి. రావిశాస్త్రి ప్లీడరు కాకపోతే 'ఆరు సారా కథలు' ఆ కోర్టు భాషతో, ఆ మనుషులతో వచ్చేవి కావు. కేశవరెడ్డి డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. ఉద్యోగం వేళకు మొదలై వేళకు ముగుస్తుంది. బస్సులోనో రైల్లోనో కాస్త తలకు తీరిక దొరుకుతుంది. ఇంటికొచ్చాక బల్ల దగ్గర కూర్చుంటే ఇల్లు సద్దుమణుగుతుంది. ఆ సద్దు ఎవరు మణిగించారన్నది మాత్రం మన రచయితల జీవితచరిత్రల్లో సాధారణంగా కనిపించదు. మహా అయితే ముందుమాట చివర శ్రీమతికి ఒక కృతజ్ఞత.

తప్పటడుగులేసే బిడ్డ సంగతి వేరు. అక్కడ కొరత సమయానిది కాదు. మధ్యాహ్నం గంటన్నర పడుకుంటుంది, రాత్రి తొమ్మిదికి పడుకుంటుంది. కాగితం మీద లెక్కేస్తే గంటలు బాగానే తేలతాయి. కానీ ఆ గంటల్లో ఏ నిమిషాన లేస్తుందో తెలీదు. చెవి ఒకటి ఎప్పుడూ ఆ గది వైపే ఉంటుంది. ఆఫీసు ఈ-మెయిల్‌ని ఎక్కడ ఆపినా మళ్లీ అక్కడి నుంచి అందుకోవచ్చు. పద్యమో చిన్న కవితో అయితే గిన్నెలు తోముతూ కూడా నోట్లో తిప్పుకోవచ్చు. కథ అలా కాదు. నలుగురు మనుషులు, వాళ్లలో ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు, గదిలో వెలుతురు ఎటు నుంచి పడుతోంది, ఇవన్నీ ఒకేసారి తలలో నిలబడాలి. నవలకైతే నెలల తరబడి నిలబడాలి. మంట ఆపి ఆపి వండిన కందిపప్పులో పలుకు మిగిలిపోయినట్టు, అలా ఆగి ఆగి రాసిన కథలో ఎక్కడ లేచి వెళ్లామో, ఎక్కడ వచ్చి కూర్చున్నామో తెలిసిపోతుంది.

మా ఇంట్లో జరిగేదే చెబుతాను. పాపను ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుని జోకొడుతూ, కుడిచేతి బొటనవేలితో ఫోన్‌లో రాస్తాను. తెర వెలుతురు కళ్ల మీద పడితే లేస్తుంది కాబట్టి ఫోన్ పక్క మీద బోర్లా పెట్టి, గొంతు తగ్గించి వాయిస్ టైపింగ్‌లో చెప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. మర్నాడు ఆఫీసు లంచ్ వేళ తెరిచి చూస్తే, కోర్టు మెట్ల మీద భార్యాభర్తలు ఆస్తి గురించి పోట్లాడుకుంటున్న సన్నివేశంలో, లాయరు మాటకూ భార్య జవాబుకూ మధ్య "అమ్మా నీలు, అమ్మా బువ్వొద్దు" అని ఉంది. యంత్రం మాత్రం నిజాయితీగా రాసింది. ఆ సన్నివేశం ఇంకా పూర్తి కాలేదు. భార్య ఏం జవాబు చెప్పబోయిందో ఆ రాత్రి నాకు తెలుసు, మర్నాటికి తెలీదు.

ఇది ఒక్కింటి ముచ్చట కాదని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2024 టైమ్ యూజ్ సర్వేలో, 15–59 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనిలో పాలుపంచుకున్నారు, మగవాళ్లలో 21.4 శాతం. అలా పాలుపంచుకున్నవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చించారు. వంట, ఊడ్పు, ఉతుకు ఇందులోకి రావు, వాటి లెక్క వేరే. పిల్ల మీద ఓ కన్నేసి ఉంచి ఇంకో పని చేసుకునే గంటలు ఏ సర్వేకైనా సరిగ్గా చిక్కేవి కావు. రచనను చంపేది ఎక్కువగా ఆ ఓ కన్నే.

చట్టం ఈ పసితనాన్ని సరిగ్గా మధ్యలో వదిలేసింది. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, మంచిదే. ఆరు నెలలకు అది ముగుస్తుంది, అంటే బిడ్డ పాకడం మొదలుపెట్టే ముందు. అంగన్‌వాడీలో ఆటపాటల బడి మూడేళ్లకు మొదలవుతుంది. యాభై మంది, అంతకు పైగా పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని అదే సవరణ చెప్పింది, కానీ అంతకన్నా చిన్న ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల గతేమిటి? ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య ఉన్న గుంతను అమ్మమ్మలు, నానమ్మలు పూడుస్తున్నారు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో అయితే ఆర్నెల్లు అమ్మాయి తరఫువాళ్లు, ఆర్నెల్లు అబ్బాయి తరఫువాళ్లు, విజిటర్ వీసా గడువుల లెక్కన వంతులు. ఆ అమ్మమ్మలకు ఏం రాయాలని ఉండేదో ఎవరూ అడగరు, అది ఇంకో వ్యాసం.

సాహిత్యలోకం వైపు వద్దాం. కారా మాస్టారు మధ్యలో కొన్నేళ్లు కథలు రాయడం మానుకున్నారు. తిరిగి వచ్చి 1960ల్లో 'యజ్ఞం' రాశారు. ఆ మౌనాన్ని మనం సాధన అంటాం, సంయమనం అంటాం, అనడం న్యాయమే. ఒక రచయిత్రి ఆరేడు మంచి కథలు రాసి పదేళ్లు కనిపించకపోతే మాత్రం "సంసారంలో పడిపోయింది, అప్పట్లో బాగా రాసేది" అంటాం. ఆమె మౌనంలోనూ ఏదో పండుతూ ఉందేమోనన్న మర్యాద ఆమెకు దక్కదు. కారా మాస్టారే శ్రీకాకుళంలో 1997లో పెట్టిన కథానిలయంలో ఏ రచయిత కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో వివరాలున్నాయి. ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఒక పరిశోధక విద్యార్థి కూర్చుని, రచయిత్రుల కథల తేదీల మధ్య ఎక్కడెక్కడ ఖాళీలు వచ్చాయో, ఏ వయసులో వచ్చాయో, ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో తీస్తే, మన స్త్రీవాద చర్చకు అంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. వచ్చినవాళ్ల పేర్లే మనకు తెలుసు. మోరిసన్‌లను చూపించి మాట్లాడేటప్పుడు జరిగే పొరపాటు అదే.

ఈ ఖాళీల వల్ల నష్టం రాయనివాళ్లకే పరిమితం కాలేదు. మన కథల్లో పిల్లలు లేరా అంటే ఉన్నారు, చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా'లో బడి మానాల్సి వచ్చిన కుర్రాణ్ని ఎవరు మరిచిపోగలరు? కానీ ఏడాదిన్నర బిడ్డ ఎక్కడ? కనిపిస్తే ఉయ్యాల్లో నవ్వుతూనో, ఎవరి దుఃఖాన్నో పెంచడానికి ఏడుస్తూనో కనిపిస్తుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని గంటసేపు మింగకుండా అమ్మను ఓడించే మొండిఘటంగా, ఇంట్లో అందరి కోపాలనూ ముందుగా పసిగట్టే మనిషిగా కనిపించడం ఎంత అరుదు! ఆ వయసును దగ్గర నుంచి చూసినవాళ్లకు అప్పుడు రాసే వీలు లేదు. వీలు చిక్కేసరికి ఆ వివరం మరుపున పడుతుంది.

పోటీల సంగతి చూడండి. తెలుగులో కథల పోటీలంటే ఉగాదికి, దీపావళికి, సంక్రాంతికి. గడువులు పండగకు నెలో రెండు నెలలో ముందు పడతాయి. దీపావళి పోటీకి గడువంటే దసరా సెలవులు, ఇంటినిండా పిల్లలు, చుట్టాలు, పిండివంటలు. ప్రకటనకూ గడువుకూ మధ్య ఐదారు వారాలు కూడా ఉండని పోటీలు చూశాను. పదివేల రూపాయల బహుమతి కథను ఎవరు రాయగలరో ఆ తేదీలే సగం నిర్ణయించేస్తున్నాయి. ఆదివారం సాయంత్రం ఆరింటి సభల గురించి చెప్పడం కూడా అనవసరం. ఆరింటి సభ ఏడింటికి మొదలై, అధ్యక్షుల వారి తొలిపలుకులే అరగంట నడిచాక, చంటిపిల్లతో వచ్చిన ఆమె వెనక తలుపు నుంచి వెళ్లిపోతుంది. అక్కడే పుస్తకాలు వేసేవాళ్లు, సంకలనాలు తెచ్చేవాళ్లు ఒకరికొకరు పరిచయమవుతారు.

ఇందులో పరిష్కారం లేని ముడులు నిజంగా కొన్నే. విద్యారంగం ఈ సమస్యను ఎప్పుడో గుర్తించింది. యూజీసీ 2016 నిబంధనల్లోనే పీహెచ్‌డీ చేసే మహిళలకు గడువులో రెండేళ్ల సడలింపు, కోర్సు మొత్తంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చింది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ యువ శాస్త్రవేత్తల అర్హత కాలాన్ని లెక్కించేటప్పుడు తల్లికి ఒక్కో బిడ్డకు ఏడాదిన్నర కలుపుతుంది. తండ్రులకు వాళ్లు నిజంగా తీసుకున్న సెలవు ఎంతో అంత. అమెరికాలో సస్టెయినబుల్ ఆర్ట్స్ ఫౌండేషన్ పిల్లలున్న రచయితలకు, చిత్రకారులకు ప్రత్యేకంగా గ్రాంట్లు ఇచ్చింది. పరిశోధనా వ్యాసం రాసే తల్లికి ఉన్న కాలం, నవల రాసే తల్లికి ఎందుకు లేదు?

ఎదురు ప్రశ్నలు నాకు తెలుసు. ప్రతిభకు మినహాయింపులేమిటంటారు. వయోపరిమితి ప్రతిభను కొలవదు, ఎవరిని కొలవాలో మాత్రమే చెబుతుంది. పుస్తకం బాగోకపోతే 36 ఏళ్ల అమ్మకు కూడా బహుమతి రాదు. తల్లుల్ని వేరే గాటన కట్టినట్టవుతుందని కొందరు రచయిత్రులే అంటారు. ఈ అభ్యంతరానికి నేను కొంత తలొగ్గుతాను. అందుకే ప్రైవేటు పురస్కారాలు ఇచ్చేవాళ్లకు వయసే వద్దంటాను, "తొలి పుస్తకం వచ్చిన అయిదేళ్లలోపు" అంటే సరిపోతుంది. నలభై దాటాక కలం పట్టిన ఆర్టీసీ కండక్టరుకూ అది మేలు. అకాడమీ పురస్కారం పేరులోనే యువ ఉంది కాబట్టి అక్కడ బిడ్డకు ఏడాదిన్నరో రెండేళ్లో కలపడమే దారి. తండ్రులూ అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి ఉన్న పితృత్వ సెలవు 15 రోజులు. యూరోపియన్ కౌన్సిల్ పద్ధతే పాటిస్తే ఆయనకు 15 రోజులు కలుస్తాయి, ఇంకా కావాలంటే సెలవు పెంచమని ఆయనే అడగాలి, అడిగితే మాకూ సంతోషమే. కాగితాల భయం అక్కర్లేదు. వయసు రుజువు చేయడానికి రచయిత జనన పత్రం ఎలాగూ చూస్తున్నారు, దాని పక్కన ఇంకొకటి పెట్టుకుంటారు.

నిబంధన మార్చాల్సింది అకాడమీ కార్యనిర్వాహక మండలి. తెలుగు సలహా మండలి ఒక తీర్మానం పంపితే చర్చ అక్కడ మొదలవుతుంది, ఇరవై నాలుగు భాషలకూ వర్తించే మార్పు కాబట్టి ఆలస్యం కావచ్చు. పత్రికలకు, పోటీలు పెట్టే సంఘాలకు మాత్రం ఢిల్లీ అనుమతి అవసరం లేదు. వచ్చే ఉగాది కథల పోటీ ప్రకటన ఫిబ్రవరిలో కాకుండా అంతకు ముందు దసరాకే ఇవ్వవచ్చు. గడువు జనవరి నెలాఖరుకు పెట్టవచ్చు. దసరాకూ ఆ గడువుకూ మధ్య మూడు నెలలకు పైనే.