పొరుగింటి సామెత రుచి

మొన్నొక సాయంత్రం అంతర్జాలంలో ఆంగ్ల సామెతల పోటీ కనబడితే సరదాగా కూర్చున్నాను. ఇరవై ప్రశ్నలు. సగం సామెత వారిస్తారు, మిగతా సగం మనం పూర్తిచేయాలి. పద్దెనిమిది సరిగ్గా చెప్పాను. గుర్రం పారిపోయాక లాయానికి గడియ వేయడం, కంచె అవతలి గడ్డి పచ్చగా కనబడడం, న్యూకాసిలుకు బొగ్గు మోసుకెళ్ళడం, అన్నీ నాలుక చివరనే ఉన్నాయి. న్యూకాసిల్ శతాబ్దాలపాటు బొగ్గు ఎగుమతి చేసిన రేవు అని కూడా నాకు తెలుసు. ఆ ఊరి ముఖం ఏనాడూ చూడలేదు.

ఆ గర్వంతో లేవబోతుంటే ఎనిమిదేళ్ళ మేనకోడలు వచ్చింది. జడ వేయించుకునేదాకా అమ్మమ్మ చుట్టూ తిరిగి, వేయగానే పరుగెత్తిందట. "ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య" అంది మా అమ్మ. "అంటే ఏంటి మావయ్యా?"

చెప్పబోయాను. సిగ్గుచేటు, నోటికి ముందు ఆంగ్లమే వచ్చింది. తడుముకుని ఏదో చెప్పాను. "ఏరు దాటడానికి ఓడెందుకు, వంతెన ఉందిగా?" అంది పిల్ల. ఉంది. రాజమహేంద్రవరం దగ్గర రైలు వంతెన 1900లో, రోడ్డూ రైలూ నడిచే వంతెన 1974లో వచ్చాయి. అవేవీ లేని రోజుల్లో కొవ్వూరు రేవులో నిలబడ్డవాడికి పడవవాడే దేవుడు. ఈ ముక్క ఆ క్షణాన నాకు తట్టలేదు. న్యూకాసిల్ తట్టింది, కొవ్వూరు తట్టలేదు!

"రేవులు పోయాయి, సామెతలూ పోతాయి, ఏడుపెందుకు?" అంటారు కొందరు మిత్రులు. ఆంగ్లేయుల పిల్లలు మాత్రం ఎందరు లాయం చూశారు? అయినా వాళ్ళ సామెత వాడుకలోనే ఉంది. వస్తువు పోతే సామెత చావదు. దాన్ని సమయానికి అనే మనిషి పోతే చస్తుంది.

మన సామెతల్లో కులాలనూ ఆడవాళ్ళనూ కించపరిచేవి బోలెడున్నాయనే మాట నిజమే. బియ్యంలో రాళ్ళుంటే ఏరి పారేస్తాం, బస్తా గోదాట్లో పారబోయం కదా!

ఆంగ్లం మీద నాకు పగ లేదు. కార్ అనే ఆంగ్లేయ కెప్టెన్ మన సామెతలను పోగుచేసి, ఆంగ్లంలో అర్థాలు వివరించి, 1868లో మద్రాసులో అచ్చువేయించాడు. పరాయివాడు మన సామెతను అంత శ్రద్ధగా నేర్చుకోవడం పాండిత్యం. మన సామెతను పరాయి సామెత ద్వారా తప్ప అర్థం చేసుకోలేకపోవడం దారిద్ర్యం. "మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకున్నట్టు" అని మా అమ్మ చెప్పిన తెలివితక్కువవాడు ఎవరో ఇప్పుడు నాకు బాగా తెలిసింది.

అలాగని తెలుగులోనూ ఖాళీలు పూరించే పోటీ పెట్టమని నేననను. సామెత పరీక్షలో బతకదు, తిట్టులో బతుకుతుంది. మా అమ్మ పిల్లకు ప్రశ్నాపత్రం ఇవ్వలేదు. పారిపోతున్న వీపుమీద ఒక్క మాట విసిరింది. అది ఆ పిల్లకు గుర్తుండిపోతుంది.

కనుక మిత్రులారా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఈసారి మిమ్మల్ని తిట్టినప్పుడు నొచ్చుకోకండి. ఆ సామెతను, ఎవరిని ఎందుకన్నారో ఆ సందర్భంతో సహా రాసిపెట్టుకోండి. తరవాత అదే సామెతతో మీ పిల్లల్ని తిట్టండి. పద్దెనిమిది మార్కులవాడిగా చెబుతున్నాను, నాకిప్పుడు కావలసినవి మార్కులు కావు, ఆ తిట్లే.