గొంగడికి బ్రాండ్ వస్తే, ఆ బ్రాండ్ ఎవరిది?

ఈ మధ్య పట్నం దుకాణాల్లో గొంగడికి కొత్త మర్యాద దొరుకుతోంది. గొంగడి బట్టతో సంచులు, బూట్లు, కోట్లు కుట్టి మంచి ధరకు అమ్ముతున్నారు. మన నల్ల ఉన్నితో ఖరీదైన దుస్తులు తెచ్చే ఆలోచనను మేము కాదనం. అయితే ఒక ప్రశ్న అడుగుతాం: ఆ ధరలో గొర్రెను మేపిన కురుమకు, నూలు వడికిన ఆడబిడ్డకు ఎంత ముడుతుంది?

దక్కని గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించాలి. లేకుంటే పిడుదులు పడతాయి, గొర్రె ఎండకు తాళదు. ఆ కూలి కాపరే పెట్టుకోవాలి. తీరా ఉన్ని కొనేవాడుండడు, చాలాచోట్ల కంపల్లో పారేస్తున్నారు. చేతికి నష్టం తెచ్చే జాతిని ఎవరు నిలుపుకుంటారు? అందుకే కాపరులు మాంసం కోసం ఉన్ని లేని జాతులవైపు మళ్లారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. పొరుగు రాష్ట్రాల నుంచి మందలు తెచ్చింది. మాంసం లెక్క చూసింది గానీ ఉన్ని లెక్క చూడలేదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో మన రాష్ట్రమే దేశంలో మొదటిది. అయినా గొంగడి నేసేవాళ్లకు నల్ల ఉన్ని దొరకడం కష్టమవుతోంది.

కాబట్టి బ్రాండ్ పని దుకాణంలో కాదు, మంద దగ్గర మొదలుకావాలి.

మొదటిది, ఉన్నిని కత్తిరించిన చోటే రంగువారీగా వేరుచేసి, తూకం వేసి, డబ్బు చేతికివ్వాలి. ఈ పని గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలే చేయాలి.

రెండోది, సరుకు గురించి నిజం చెప్పాలి. మనది ముతక ఉన్ని. పష్మీనాతో పోటీ పెడితే ఓడిపోతాం. ఒంటికి తగిలే బట్టకు ఇది పనికిరాదు. లోపల నూలుబట్ట వేసిన కోటుకు, భుజాన కప్పుకునే శాలువకు, తివాచీకి సరిపోతుంది. రంగు వేయని సహజ నలుపు, గుంటమగ్గం నేత, చింతగింజల గంజి బిగువు: కొనేవాడికి చెప్పుకోవాల్సినవి ఇవే.

మూడోది, పేరు మన చేతిలో ఉండాలి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద ఉత్పత్తిదారుల సంఘమే పేరు నమోదు చేయించుకోవచ్చు. అయితే సర్టిఫికెట్ ఒక్కటే కాపాడదు. పోచంపల్లి ఇక్కత్‌కు ఆ గుర్తింపు ఉన్నా, అచ్చు వేసిన నకిలీలు బజారులో అమ్ముడుపోతూనే ఉన్నాయి. కనుక ఊరు, నేసిన చేయి తెలిపే చీటీ ప్రతి బట్టకూ ఉండాలి. నిఘా కూడా ఉండాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేది ఇదే: ఉన్ని సేకరణకు నిధి ఇవ్వండి, దక్కని పొట్టేళ్లను పంచండి, హాస్టళ్లకు కొనే రగ్గుల్లో గొంగడికి వాటా కేటాయించండి.

సభ్యులు కూడా ఒక పని చేయాలి. మీ ఊళ్లో దక్కని గొర్రెలు ఎన్ని మిగిలాయో, ఆడే మగ్గాలు ఎన్నో, వడికే చేతులు ఎన్నో రాసి వచ్చే కత్తిరింపులోగా మండల కమిటీకి ఇవ్వండి. ఆ లెక్క మన చేతిలో ఉంటేనే బేరానికి కూర్చోగలం.