వేగానికి బరి కావాలి

వేగమే యుగధర్మమైన కాలమిది. వార్త వేగంగా రావాలి, సరకు వేగంగా పోవాలి, మనిషి వేగంగా ఎదగాలి. ఇట్టి వాతావరణంలో పెరిగిన యువకుడు మోటారు వాహనం చేతికి రాగానే దాని బలమెంతో, తన నేర్పెంతో తెలుసుకొన గోరుట సహజం. దానిని మేము తప్పుపట్టము. పోటీ పడుట యౌవన లక్షణం. అయితే ఎక్కడ పోటీ పడాలి, ఎవరితో పడాలి, ఏ నియమానికి లోబడి పడాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేని పోటీ పోటీ కాదు. అది ప్రాణాలను ఒడ్డి ఆడే జూదం. ఈ విషయమై మా అభిప్రాయాన్ని విద్యార్థి సోదర సోదరీమణుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

మోటారు క్రీడలపై అభిరుచి గలవారికి రెండు జపాను కార్ల పేర్లు చిరపరిచితాలు. ఒకటి సుబారు వారి ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్., రెండవది మిత్సుబిషి వారి లాన్సర్ ఎవల్యూషన్. రెండూ 1992లోనే వెలువడ్డాయి. మొదట వచ్చినప్పుడు రెండింటిదీ రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజనే. సాధారణమైన కారులో రెండు చక్రాలే లాగుతాయి, మిగిలిన రెండూ వెంట దొర్లుతాయి. ఈ రెండు కార్లలోను ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది. ఒక చక్రం జారినా మరొకటి పట్టు చిక్కించుకొంటుంది. వాన వెలిసిన మరునాడు నల్లరేగడిలో బండి తోలిన మన ప్రాంతం వారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రెండింటి నడుమ ప్రపంచ ర్యాలీ పోటీలలో సాగిన స్పర్ధ ప్రసిద్ధమైనది. 1995లో కోలిన్ మెక్‌రే సుబారుపై విజేత కాగా, 1996 నుండి 1999 వరకు వరుసగా నాలుగేండ్లు టామీ మాకినెన్ మిత్సుబిషిపై గెలిచాడు. 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెట్టర్ సోల్బర్గ్ ఆ కీర్తిని తిరిగి సుబారుకు తెచ్చారు. ఒకరు ముందడుగు వేసినప్పుడల్లా రెండవవారు తమ లోపాన్ని మరుసటి నమూనాలో దిద్దుకొన్నారు. ఎవల్యూషన్ పది తరాలుగా మారినది ఈ ఒత్తిడి వల్లనే అన్నా అతిశయోక్తి కాదు. మలుపులో కుడి, ఎడమ చక్రాలకు శక్తిని హెచ్చుతగ్గులుగా పంచే ఏర్పాటు 1996 నాటి నాలుగవ తరంలో వచ్చింది. ఎవల్యూషన్ తయారీ 2016తో ఆగిపోయింది. ఇంప్రెజా వంశంలో మేటియైన ఎస్.టి.ఐ.కి పెట్రోలు ఇంజనుతో కొత్త తరం ఉండదని సుబారు 2022లో ప్రకటించింది. మంచి ప్రత్యర్థి శత్రువు కాడు, గురువు అనుటకు ఇంతకన్న నిదర్శనం వేరే అక్కరలేదు.

తయారీ ఆగినా ఆ కార్లను ప్రాణపదంగా చూసుకొనే యజమానులు నేటికీ అనేక దేశాలలో ఉన్నారు. వారిలో ఇద్దరు మిత్రులు, ఒకరు సుబారుతో, ఒకరు మిత్సుబిషితో, రేసు ట్రాకుపై సరదాగా తలపడుట ఆ లోకంలో పరిపాటి. ఆ స్నేహ స్పర్ధ జరిగే తీరును మన విద్యార్థులు గమనించాలి. ముందుగా కార్లను పరీక్షిస్తారు. బ్రేకులు సరిగా ఉన్నవా, టైర్లు అరిగినవా, ఆయిలు కారుచున్నదా, చక్రాల నట్లు బిగువుగా ఉన్నవా అని చూస్తారు. హెల్మెట్ లేనివాడిని లోనికి రానీయరు. ఎర్రజెండా చూపితే పోటీ ఆగాలి. పచ్చజెండా కాదు, పసుపుజెండా కనిపిస్తే ముందు ప్రమాదమున్నదని తెలుసుకొని నెమ్మదించాలి. నీలిజెండా కనిపిస్తే వెనుక వేగంగా వచ్చేవానికి దారి ఇవ్వాలి. స్నేహపూర్వకమైన పరుగులలో ముందున్నవాడు చేయి ఊపి అనుమతించిన తరువాతనే, అదీ తిన్నని దారిలోనే, వెనుకవాడు దాటిపోవుట మర్యాద. దాటించుకొన్నవాడికి అవమానం లేదు. పరుగు ముగిశాక ఇద్దరూ బానెట్లు ఎత్తుకొని ఒకరి పనితనాన్ని ఒకరు పరిశీలిస్తారు. ఓడినవాడు ఆనాడు ఎక్కువ నేర్చుకొని ఇంటికి పోతాడు.

కారులో మార్పులు చేయించుటలో కూడ ఒక వివేకమున్నది. అనుభవజ్ఞులు మొదట బ్రేకులను, టైర్లను, సస్పెన్షన్‌ను బాగుచేసుకొని, శక్తిని పెంచే పని చివరకు పెట్టుకొంటారు. టర్బోలో గాలి ఒత్తిడి పెంచితే వేడి పెరుగుతుంది. ఆ వేడికి తగిన శీతలీకరణ, దానికి తగిన ఇంధనం, ఆ వేగానికి తగిన బ్రేకులు కావాలి. ఒకటి మార్చినవాడు నాలుగు మార్చవలసి వస్తుంది. మన వీధులలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. ముందుగా మార్చేది సైలెన్సరు. చప్పుడు పెరుగుతుంది, ఆగే శక్తి పెరగదు. ఇంకొక భ్రమ కూడ ఉన్నది. నాలుగు చక్రాలు లాగే బండి త్వరగా వేగమందుకొంటుందే కాని ఆ కారణంగా త్వరగా ఆగదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉన్నవే. అనగా యంత్రం ఎంత గొప్పదైనా ప్రకృతి నియమం ముందు తల వంచవలసినదే.

ఇదంతా జపాను మాట, ధనవంతుల మాట, మనకెందుకు అని కొందరు ఆక్షేపించవచ్చును. ఆ కార్లు మనలో అధికులకు అందనివే, కాదనము. కాని ఆ మర్యాద మనకు కొత్తది కాదు. మన ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలను చూడండి. పళ్ళను బట్టి ఎడ్లను విభాగాలుగా చేస్తారు; పాలపళ్ళ జత ఆరుపళ్ళ జతతో తలపడదు. బండ బరువు ముందే నిర్ణయిస్తారు. బరి ఒక్కటే, గడియారం ఒక్కటే. ఒక జత తరువాత ఒక జత దిగుతుంది. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగినదో కొలిచి ప్రకటిస్తారు. వివాదానికి తావుండదు. గెలిచిన జతను చూచుటకు ఓడిన రైతే ముందుగా పోతాడు. సమానులతో పోటీ, అందరికీ ఒకే నియమం, కొలతకు లోబడిన గెలుపు: ఈ మూడూ మన పెద్దలు మనకిచ్చిన ఆస్తి. రేసు ట్రాకుపై జరిగేదీ ఇదే.

మోటారు పందాలకు కూడ మన పరిసరాలలో చరిత్ర ఉన్నది. ఒంగోలు మీదుగా పోయే జాతీయ రహదారిపైనే, చెన్నైకి చేరువలో షోలవరం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలు దిగిన ఆ నేలపై దశాబ్దాల పాటు మోటారు పందాలు జరిగాయి. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు తరువాత శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాకును నిర్మించుకొన్నారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెం జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. నగర వీధులనే ట్రాకుగా మార్చినప్పటికీ ఆ వీధులను ముందుగా మూసివేశారు, ఇరువైపులా అడ్డుగోడలు కట్టారు, ప్రభుత్వ అనుమతి పొందారు. దారి బరిగా మారవలెనన్న ఇంత ఏర్పాటు అవసరమన్నమాట.

ఇక మన రోడ్డు సంగతి చూద్దాము. చీమకుర్తి నుండి ఒంగోలుకు పోయే దారిలో గెలాక్సీ గ్రానైటు రాళ్ళను మోసుకొని పోయే లారీలు నడుస్తాయి. మిరప బస్తాల ట్రాక్టర్లు నడుస్తాయి. సైకిలుపై పనికి పోయే కూలీ, గేదెలను తోలుకొని పోయే వృద్ధుడు, బడికి పోయే పసివాడు నడుస్తారు. వీరెవ్వరూ పందెంలో చేరలేదు. చేరమని ఎవరూ అడుగలేదు. ఇద్దరు మిత్రులు మోటారు సైకిళ్ళపై ఈ దారిలో పందెం వేసుకొన్నప్పుడు వారు తమ ప్రాణాలను మాత్రమే ఒడ్డుట లేదు, అడుగని వారి ప్రాణాలను కూడ ఒడ్డుతున్నారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. చూచి, తెలుసుకొని, బ్రేకు తొక్కేలోగా ఆ దూరం పోనే పోయింది. వేగం రెట్టింపైతే బ్రేకు పడిన తరువాత ఆగుటకు పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. అందులో పదింట ఏడు మరణాలకు మితిమీరిన వేగమే కారణమని ఆ నివేదికే చెప్పింది.

చట్టం కూడ ఈ విషయమై మౌనంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్, 2019 సవరణ తరువాత, అనుమతి లేని రోడ్డు పందానికి మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధిస్తుంది. మైనరు చేతికి బండి ఇచ్చి అపరాధానికి కారణమైన తల్లిదండ్రులకు మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టానుసారం మార్చుట కూడ నేరమే.

అయితే భయపెట్టి మాత్రమే యువకులను మార్చగలమని మేము అనుకొనము. నీరు పారేందుకు కాలువ త్రవ్వకుండ గట్టు మాత్రమే వేసినచో గట్టు తెగుతుంది. కనుక కళాశాల కమిటీ వారికి మా మనవి ఇది. కళాశాలలో ఒక మోటారు విజ్ఞాన సంఘాన్ని నెలకొల్పాలి. మన షెడ్లలో దశాబ్దాలుగా ఇంజన్లు విప్పి బిగించిన ఉస్తాదులున్నారు. వారిని నెలకొకమారు పిలిపించి విద్యార్థులకు బ్రేకుల పని, టైర్ల పని నేర్పించాలి. వారి విద్య ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు. వార్షిక క్రీడోత్సవంలో, పోలీసు వారి అనుమతితో, మూసిన మైదానంలో నేర్పును పరీక్షించే పోటీ పెట్టాలి. గుర్తుల నడుమ తాకకుండ బండి నడుపుట, చెప్పిన గీతపై ఆపుట, అందరికన్న నెమ్మదిగా కాలు మోపకుండ నడుపుట వంటివి అందులో ఉండాలి. లైసెన్సు, హెల్మెట్ లేని విద్యార్థి బండిని గేటు లోనికి రానీయరాదు. పోటీ పెడితే పిచ్చి ముదురుతుందని శంకించేవారున్నారు. బండలాగుడు పోటీలు ఉన్నందున రైతు రోడ్డుపై ఎడ్లను పరుగెత్తించుట లేదు గదా!

విద్యార్థి సోదరులారా! తెలుగులో పందెమన్న మాటకు పరుగు అనే అర్థమూ ఉన్నది, ఒడ్డు అనే అర్థమూ ఉన్నది. మొదటిదానిని ఉంచుకొని రెండవదానిని విడిచిపెట్టండి. మీ మిత్రుని గెలువ గోరుట తప్పు కాదు. గెలిచిన తరువాత అతనితో కలిసి టీ త్రాగి ఇంటికి చేరగలిగినప్పుడే అది దోస్తీ. అట్టి గెలుపుకు కావలసినది రోడ్డు కాదు, బరి. ఆ బరిని మీకు సమకూర్చుట పెద్దల బాధ్యత. అందాకా ఓపిక పట్టుట మీ బాధ్యత.