ఆ బాల్కనీ మీద ఎవరి పిల్ల నిలబడాలి?

డిసెంబరు నెల వచ్చిందంటే చాలు, మన ఫోన్లన్నీ ఒకే రకం ఫొటోలతో నిండిపోతాయి. జర్మనీలో చదువుకుంటున్న మేనల్లుడో, అక్కడ ఉద్యోగం చేస్తున్న కూతురూ అల్లుడో పంపిస్తారు. వెనక దీపాల తోరణాలు, చెక్క కొట్ల వరస, చేతిలో పొగలు కక్కే కప్పు, ముక్కు ఎర్రగా కందిపోయిన నవ్వు మొహం. "క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్ళొచ్చాం పిన్నీ" అని కింద ఒక ముక్క. మనమూ ఒక దణ్ణమో, ఒక గులాబీ పువ్వో పంపించి ఊరుకుంటాం. ఫొటోలు దిగడం తప్పని నేననను. అంత దూరం వెళ్ళి, అంత చలిలో నిలబడిన వాళ్ళకి ఆ మాత్రం ముచ్చట ఉండొద్దూ! కానీ ఫొటోకి వెనక ఉన్నదేమిటో ఎవరూ చెప్పరే అన్నది నా ఫిర్యాదు.

2023 డిసెంబరులో న్యూరెంబర్గ్‌లో మా చెల్లెలి దగ్గర నెల రోజులున్నాను. ఆ మార్కెట్‌కి నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి అందరిలాగే దీపాలు చూశాను. తరవాత్తరవాత మనుషుల్ని చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

జర్మనీలో ఇలాంటి మార్కెట్లు ఊరూరా ఉంటాయి. డ్రెస్డెన్‌లోది 1434 నుంచీ ఉందంటారు. న్యూరెంబర్గ్ మార్కెట్ ఎప్పుడు మొదలైందో కచ్చితమైన లెక్క లేదు గానీ, 1628 నాటి చిన్న చెక్క పెట్టె ఒకటి అక్కడి మ్యూజియంలో ఉంది. క్రిస్మస్ మార్కెట్‌లో కొని కానుకగా ఇచ్చినట్టు దాని మీద రాసి ఉందట. అదీ వాళ్ళకి దొరికిన మొదటి సాక్ష్యం. ఊరి నడిబొడ్డున పెద్ద చౌకు, దానికి ఒక పక్కన మరియమాత చర్చి, ఆ చౌకు నిండా సుమారు నూట ఎనభై చెక్క కొట్లు. పైకప్పులకి ఎరుపూ తెలుపూ చారల గుడ్డలు. ప్లాస్టిక్ తోరణాలు కట్టకూడదు, రికార్డు పాటలు మోగించకూడదు అని మున్సిపాలిటీ వాళ్ళ నిబంధన. మన తిరనాళ్ళలో మైకుల హోరు అలవాటైన చెవులకి ఆ నిశ్శబ్దం మొదట వెలితిగా ఉంటుంది. కాసేపటికి మనుషుల మాటలు వినపడడం మొదలవుతాయి, పెనం మీద నూనె చిటపట వినపడుతుంది. అప్పుడు బాగుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చినవి ఎండు రేగిపళ్ళలా కనిపించే బొమ్మలు. నిజానికవి ఎండబెట్టిన ప్లమ్ పళ్ళు. వాటిని తీగకి గుచ్చి కాళ్ళూ చేతులూ చేస్తారు, అక్రోటు కాయతో తల. దానికో గౌను, చేతిలో చీపురో గొడుగో. ఒక ముసలమ్మ బొమ్మ ముందు చిన్న రొట్టెల బుట్ట కూడా ఉంది. మన దసరా బొమ్మల కొలువులో పెడితే చక్కగా కలిసిపోతుంది.

లెబ్‌కూఖెన్ అనే తీపి రొట్టె ఆ ఊరి ప్రత్యేకత. చుట్టుపక్కల అడవుల్లో తేనె దొరికేది, వెనిస్ మీదుగా సుగంధ ద్రవ్యాలు వచ్చేవి, వాటితో ఊరికి పేరొచ్చింది. అందులో మేలురకాన్ని ఎలీజెన్ అంటారు. బాదం, హేజల్ వంటి గింజల పొడి కనీసం నూటికి ఇరవై అయిదు పాళ్ళు ఉండాలి, పిండి పది పాళ్ళు మించకూడదని కట్టుబాటు. నోట్లో పెట్టుకోగానే ఏలకులు, లవంగం, దాల్చినచెక్క. మా అమ్మ పోపుల పెట్టె మూత తీసినట్టయింది! ఆ ఏలకులు ఒకప్పుడు మన మలబారు కొండల నుంచి ఓడలెక్కి పోయినవే. ఏలకులు అక్కడికి చేరి కొన్ని వందల ఏళ్ళయింది, వాటిని పరాయివని ఎవరూ అనడం లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

కూతుళ్ళ దగ్గరికి వెళ్ళే అమ్మలకి రెండు ముక్కలు. పొగలు కక్కే ఆ కప్పుల్లో చాలావాటిలో ఉండేది వేడి చేసిన ద్రాక్ష సారా. పిల్లలకని సారా లేనిది వేరే ఉంటుంది, 'కిండర్‌పున్ష్' అని అడగండి. కప్పుకి అదనంగా డబ్బు కట్టించుకుంటారు. కప్పు వెనక్కిస్తే డబ్బు వెనక్కిస్తారు, లేదంటే కప్పు మనదే. శాకాహారులకి ఆలుగడ్డ తురుముతో వేసిన అట్లు, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. కాల్చిన చెస్ట్‌నట్ కాయలూ, పంచదార పాకం పట్టిన బాదంపప్పులూ ఉంటాయి. చీర కట్టుకోండి, కానీ లోపల ఉన్ని లాగు తప్పదు. కాశ్మీరు శాలువా అక్కడి చలికి చేతిరుమాలుతో సమానం.

ఇక అసలు సంగతి. ఆ మార్కెట్‌ని ప్రారంభించేది మంత్రిగారూ కాదు, సినిమా తారా కాదు. 'క్రిస్ట్‌కిండ్' అనే అమ్మాయి. క్రీస్తు శిశువు అని అర్థం. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ కాలం నుంచి, పిల్లలకి కానుకలు తెచ్చేది సెయింట్ నికొలాస్ కాదు, క్రీస్తు శిశువే అనే వాడుక వచ్చింది. రానురానూ ఆ శిశువు దేవదూతలాంటి ఆడపిల్ల రూపం దాల్చింది. 1969 నుంచి రెండేళ్ళకోసారి ఊళ్ళో అమ్మాయిల్లోంచే ఒకరిని ఎన్నుకుంటున్నారు. వయసు పదహారుకీ పంతొమ్మిదికీ మధ్య ఉండాలి, ఎత్తు కనీసం ఒక మీటరు అరవై సెంటీమీటర్లు ఉండాలి, ఎత్తైన చోట నిలబడితే కళ్ళు తిరగకూడదు. ఎందుకంటే చర్చి బాల్కనీ మీద నిలబడి, తెలుపూ బంగారు రంగుల దుస్తులతో, తల మీద కిరీటంతో, కింద వేల మందిని చూస్తూ స్వాగతం చెప్పాలి. ఆ తరవాత క్రిస్మస్ దాకా ఆస్పత్రులూ, వృద్ధుల ఇళ్ళూ, పసిపిల్లల బడులూ తిరగాలి. అంటే అది అందాల పోటీ కిరీటం కాదు, మంచి బరువైన చాకిరీ.

2019లో ఆ పదవికి పదిహేడేళ్ళ బెనిగ్నా మున్షి ఎంపికయింది. న్యూరెంబర్గ్ పిల్లే. తండ్రి మన దేశం నుంచి వెళ్ళినవారు, తల్లి జర్మన్. ఎంపికైందో లేదో, ఏఎఫ్‌డీ అనే అతివాద పార్టీకి చెందిన మ్యూనిక్ జిల్లా శాఖ ఒకటి ఆ పిల్ల ఫొటో పెట్టి, అమెరికాలో ఆదివాసులకి పట్టిన గతే మనకీ పట్టబోతోంది అనే అర్థం వచ్చేలా ఫేస్‌బుక్‌లో రాసింది. ఒక పదిహేడేళ్ళ పిల్ల బాల్కనీ ఎక్కితే జాతి అంతరించిపోతుందట! దేశమంతా గగ్గోలయింది. బవేరియా ముఖ్యమంత్రి మార్కుస్ జ్యోడర్‌తో సహా ఎందరో ఆ అమ్మాయి పక్కన నిలబడ్డారు. ఆ రాత తీసేయక తప్పలేదు. నవంబరు 29న బెనిగ్నా ఆ బాల్కనీ మీద నిలబడి మార్కెట్‌ని ప్రారంభించింది. రెండో ఏడు, 2020లో, కరోనా వల్ల అసలు మార్కెట్టే పెట్టలేదు.

ఆ చౌకుకి ఇది కొత్త గొడవ కాదు. 1349 దాకా అక్కడ యూదుల ఇళ్ళుండేవి. వాళ్ళని చంపి, ఇళ్ళు పడగొట్టి, చౌకు చేసి, వాళ్ళ ప్రార్థనా మందిరం ఉన్న చోటే ఆ చర్చి కట్టారు. 1933లో నాజీలు మార్కెట్‌ని ఆర్భాటంగా మళ్ళీ ఆ చౌకులోకి తెచ్చారు. క్రిస్ట్‌కిండ్ చేత ప్రారంభింపజేయడమూ ఆ ఏడే మొదలు. బంగారు జుట్టు పిల్లని చూపించి ఇదీ మన జాతి అనిపించుకోవడానికి. 1945 జనవరి 2న బాంబులకి పాత ఊరంతా నేలమట్టమైంది. 1948లో మార్కెట్ మళ్ళీ మొదలయింది. అలాంటి చోట, అదే బాల్కనీ మీద మున్షీ గారి అమ్మాయి నిలబడిందంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆ పిల్ల మనకేమీ చుట్టం కాదు. అయినా సరే.

మా చెల్లెలి కూతురుకి అప్పుడు తొమ్మిదేళ్ళు. పుట్టిందీ పెరుగుతున్నదీ అక్కడే. ఫోన్‌లో మా అమ్మతో "అమ్మమ్మా, నేను పెద్దయ్యాక క్రిస్ట్‌కిండ్ అవుతా" అంది. "మనకెందుకమ్మా ఆ వేషాలు? సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టుకుందువుగాని" అంది అమ్మ. మా మరిది మాట వేరు. "వద్దు వదినా. పేరు పేపర్లో పడితే ఎవడేం రాస్తాడో. మన ఉద్యోగం మనం చేసుకుని తల వంచుకుని పోవాలి."

అమ్మకి జవాబు చెప్పడం తేలికే. గొబ్బెమ్మలు పెట్టే పిల్ల బాల్కనీ ఎక్కకూడదని ఏ శాస్త్రంలో ఉంది? మన ఊళ్ళో కేకు పంచిన ఇంటికి మనం అరిసెలు పంపడం లేదూ! మరిది భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయలేను. 2016లో బెర్లిన్ క్రిస్మస్ మార్కెట్‌లోకి ట్రక్కు దూసుకొచ్చి పన్నెండు మందిని బలిగొన్నప్పటి నుంచి ఈ మార్కెట్ల చుట్టూ కాంక్రీటు దిమ్మలు వచ్చాయి. 2024 డిసెంబరు 20న మాగ్దెబూర్గ్‌లో కారు తొక్కించినప్పుడు ఆరుగురు పోయారు. అందులో తొమ్మిదేళ్ళ బాబు ఒకడు, మిగిలిన అయిదుగురూ ఆడవాళ్ళే. గాయపడిన వాళ్ళలో ఏడుగురు భారతీయులు. ఆ వార్త వచ్చిన రాత్రి మరిది ఫోన్ చేశాడు. తొక్కించినవాడు పరాయి దేశం నుంచి వచ్చినవాడు, ఇక అందరి చూపూ మా మీదే అన్నాడు. దెబ్బ తినేదీ మేమే, అనుమానం మోసేదీ మేమే అన్నాడు. నిజమే. అయినా తల వంచుకుని నడిచినంత మాత్రాన అనుమానించేవాడు మానేస్తాడా? మొహం కనపడని మనిషి గురించే కట్టుకథలు ఎక్కువ పుడతాయి. పసిపిల్ల కోరికని మొగ్గలో తుంచి ఆ పని మన చేతులతో మనమే చేసిపెట్టడం నాకు నచ్చదు.

ఇంకో మాట కూడా అనక తప్పదు. ఆ పార్టీ రాతకి మండిపడే మనం మన ఇంటి సంగతి చూసుకున్నామా? మా ఊళ్ళో ఒక బడి వార్షికోత్సవంలో ఏటా భరతమాత వేషం ఎవరికిస్తారో చూస్తున్నాను. పాఠం గడగడా చెప్పగలిగిన పిల్లకి కాదు, తెల్లగా ఉన్న పిల్లకి. నా స్నేహితురాలి కూతురు చామనఛాయ కంటే ఒక పిసరు తక్కువ. గొంతు గంటలా మోగుతుంది. ఆ పిల్లకి మూడేళ్ళూ వెనక వరసలో జెండా పట్టుకునే పనే. భరతమాత నలుపైతే దేశానికి ఏం నష్టమో ఆ టీచరమ్మల్ని అడగాలి. అపార్ట్‌మెంట్లలో బతుకమ్మ ఆడేటప్పుడు వాచ్‌మన్ భార్యని వలయంలోకి పిలుస్తున్నామా, చెప్పుల దగ్గర నిలబెడుతున్నామా? ఒరిస్సా నుంచి వచ్చి మన ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ళ పిల్ల మన వీధి గొబ్బెమ్మల దగ్గరికొస్తే ఒక పువ్వు ఇస్తామా, అవతలికి పొమ్మంటామా?

నాకు న్యూరెంబర్గ్ వాళ్ళతోనూ ఒక పేచీ ఉంది. బెనిగ్నా నల్లటి జుట్టు మీద కూడా ఆ బంగారు ఉంగరాల విగ్గు పెట్టారు. వేషం అన్నాక ఆనవాయితీ ఉంటుంది, ఒప్పుకుంటాను. మన కూచిపూడిలో మగవాళ్ళు సత్యభామ జడ వేసుకోలేదా! కానీ దేవదూతలకి బంగారు జుట్టే ఉంటుందని చూసొచ్చిన వాళ్ళెవరు? ఏదో ఒక ఏడు ఆ విగ్గు లేకుండా ఒక పిల్ల ఆ బాల్కనీ ఎక్కితే చూడాలని ఉంది.

మా చెల్లెలు ఈ విషయంలో ఎటూ తేల్చలేదు. "దానికి పదహారు వచ్చేసరికి చూద్దాంలే అక్కా" అంటుంది. పిల్ల మాత్రం జర్మన్ పద్యాలు బట్టీ పడుతోంది, మేడ మెట్ల మీద నిలబడి కిందకి చూస్తూ కళ్ళు తిరగడం లేదని రుజువు చేస్తోంది. ఇక ఎత్తు సంగతే నా బెంగ. మా ఇంటి ఆడపిల్లలు ఒక మీటరు యాభై అయిదు దాటిన దాఖలా లేదు.