బిగించిన కొద్దీ బరువే

దండెం కట్టుకున్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే ఇది. తడి దుప్పటి వేయగానే తీగ నడుమ వంగుతుంది. దుప్పటి అంచు మట్టికి తగులుతోందని ఇంటాయన తీగను మరికాస్త లాగి కడతాడు. నాలుగు రోజులకు తెగేది తీగ కాదు. గోడలో మేకు ఊడొస్తుంది, లేదా పాతిన గుంజ ఒరుగుతుంది. అమెరికాలో పెరటి జిప్ లైన్లు ఎందుకు ప్రమాదాలు తెచ్చిపెడుతున్నాయో తెలుసుకోవడానికి ఈ దండెం పాఠం చాలావరకు సరిపోతుంది.

రెండు చెట్ల మధ్య ఉక్కు తాడు, దాని మీద గిలక, గిలకకు వేలాడుతూ జారిపోయే పిల్లవాడు. అంతే ఆట. 1970ల్లో కోస్టారికా అడవుల్లో చెట్ల కొసలను పరిశోధించే శాస్త్రవేత్తలు తాళ్ల మీద తిరగడం మొదలుపెట్టారు. తర్వాత అది పర్యాటకుల సరదాగా మారింది. మన దేశంలోనూ రాజస్థాన్‌లోని నీమ్రానా, జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటల దగ్గరికి, విశాఖ కైలాసగిరి మీదికి వచ్చింది. అమెరికాలో మాత్రం ఒక అడుగు ముందుకేసి, అట్టపెట్టెలో సర్దుకుని పెరట్లోకే వచ్చేసింది. తాడు, గిలక, క్లాంపులు, ఒక చిన్న పుస్తకం. శనివారం మధ్యాహ్నం నాన్న చేతికి పనే పని. విశాలమైన పెరడున్న ఇళ్లవారిలో అక్కడి తెలుగువారూ తక్కువేమీ కాదు.

ఒహాయో రాష్ట్రంలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు 2015లో ఒక లెక్క ప్రచురించారు. 1997 నుంచి 2012 వరకు జిప్ లైన్ల మీద గాయపడి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు చేరినవారు సుమారు 16,850 మంది. 2012 ఒక్క ఏడాదే 3,600 మందికి పైగా. అంటే రోజుకు దాదాపు పదిమంది. నాలుగింట మూడొంతుల గాయాలు కిందపడటం వల్లే. దాదాపు సగం ఎముకలు విరిగినవే. ఈ లెక్కలో వినోద పార్కులూ ఉన్నాయి, పెరళ్లూ ఉన్నాయి. తేడా ఏమిటంటే, పార్కులో శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు, చాలా రాష్ట్రాల్లో తనిఖీలూ ఉంటాయి. పెరట్లో ఇంజినీరూ నాన్నే, తనిఖీ అధికారీ నాన్నే.

ఆ నాన్న చేసే మొదటి పొరపాటు మన దండెం యజమానిదే. తాడు వదులుగా ఉంటే ప్రమాదమనీ, బిర్రుగా ఉంటే భద్రమనీ అనుకోవడం. లెక్క చూస్తే సంగతి తిరగబడుతుంది. వంద అడుగుల తాడు మధ్యలో 60 కిలోల మనిషి కదలకుండా వేలాడుతున్నాడనుకుందాం. తాడు ఐదడుగులు కిందికి వంగితే ఒక్కో కొస మీద పడే లాగుడు సుమారు 300 కిలోలు. రెండడుగులే వంగేలా బిగిస్తే 750. అడుగుకు మించి వంగకూడదని పట్టుబడితే 1,500 కిలోలు. మనిషి బరువు గ్రాము కూడా పెరగలేదు. పెరిగిందల్లా బిగింపు. అతను ఊగితే, కుదిస్తే లాగుడు ఇంకా ఎక్కువ. 750 కిలోలంటే ఒక చిన్న కారు బరువు. దాన్ని రోజంతా పక్కకు లాగుతూ ఉండాల్సింది పెరట్లోని చెట్టు.

పది మిల్లీమీటర్ల మంచి ఉక్కు తాడు ఐదు టన్నులు దాటినా తట్టుకుంటుంది. కాబట్టి భయపడాల్సింది తాడు గురించి కాదు, రెండు కొసల గురించి. చెట్టు బతికి ఉండాలి, మాను కనీసం అడుగు మందం ఉండాలి, లోపల డొల్ల ఉండకూడదు. మునగచెట్టు ఎక్కించడమనే మాట తెలుగులో ఊరికే పుట్టలేదు. చూడ్డానికి చెట్టే, బరువు పడితే పుటుక్కుమంటుంది. వరండా స్తంభం, ఇటుక గోడ, కరెంటు స్తంభం అసలే పనికిరావు. తాడును నేరుగా మానుకు చుట్టేస్తే బెరడు తెగి చెట్టు మెల్లగా చచ్చిపోతుంది. మధ్యలో చెక్క దిమ్మెలు పెట్టాలి.

కొసన తాడును మడిచి బిగించే క్లాంపులకు ఓ పద్ధతుంది. జీనులాంటి ముక్క బరువు మోసే తాడు మీద కూర్చోవాలి. యు ఆకారపు బోల్టు మడిచిన తోక మీదికి రావాలి. తిరగేస్తే బోల్టు బరువు మోసే తాడునే నొక్కి చితకబెడుతుంది. కొసకు కనీసం మూడు క్లాంపులు. కొత్త తాడు సాగుతుంది కనుక బరువేసి చూశాక నట్లు మళ్లీ బిగించాలి. ఐదు నిమిషాల పని. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే.

ఇక ఆగడం. ఎక్కడానికి ఉండే ఉత్సాహం ఆగడం గురించి ఆలోచించడానికి ఉండదు. వంద అడుగుల దూరానికి ఆరడుగుల వాలు చాలా ఇళ్లకు ఎక్కువే. ఆరడుగులు కిందికి జారిన శరీరం రాపిడి లేకపోతే గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ఆ వేగంతో చెట్టును గుద్దుకోవడమంటే జోరుమీదున్న సైకిలు మీంచి వెళ్లి గోడకు కొట్టుకోవడమే. చెట్టుకు పరుపు కట్టడం ఉపాయం కాదు. చెట్టుకు చాలా ముందే స్ప్రింగో, సాగే రబ్బరు తాడో గిలకను ఆపాలి. కాస్త వదులుగా వంగిన తాడు ఇక్కడ మేలే చేస్తుంది. చివర్లో తాడు పైకి లేస్తుంది కనుక వేగం దానంతటదే తగ్గుతుంది.

పెట్టెలో చాలాసార్లు పట్టుకునే కడ్డీ, కూర్చునే చిన్న బిళ్ల మాత్రమే ఉంటాయి. చెమట పట్టిన ఎనిమిదేళ్ల చేతులు ఎంతసేపు పట్టుకుంటాయి? ఎక్కువమంది పడిపోయే గాయాలతోనే ఆస్పత్రికి చేరుతున్నారన్న లెక్కకు జవాబు నడుముకూ తొడలకూ కట్టే హార్నెస్, తలకు హెల్మెట్. వాటికయ్యే ఖర్చు మిగుల్చుకోవడం తెలివి అనిపించుకోదు. పగుళ్లిచ్చే గిలకల వంటి లోపాలతో కొన్ని కిట్లను అమెరికాలో మార్కెట్లోంచి వెనక్కి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి కొనేముందు ఆ జాబితా చూడటం మేలు.

మొదటి ప్రయాణం మనిషిది కాకూడదు. ఎక్కబోయేవారికన్నా బరువైన ఇసుక బస్తాను పదిసార్లు పంపి, చెట్ల మొదళ్లూ క్లాంపులూ చూడాలి. తాడు మీద ఒక్క పోగు తెగి ముల్లులా లేచినా ఆట ఆపేయాలి. ఉరుములొస్తే ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. సాయంత్రం గిలక ఊడదీసి ఇంట్లో పెట్టాలి, నిచ్చెన కూడా లోపలికి తెచ్చుకోవాలి. కంచె అవతలి ఇంటి పిల్లలకు ఆ పెట్టెలోని పుస్తకం ఎవరూ చదివి వినిపించి ఉండరు.