బరువు తగ్గించే ఆపరేషన్లు: ఏది ఎవరికి?

"బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాము సిస్టర్, వాటిలో ఏది మంచిది?" అని ఓ.పి.లో మమ్మల్ని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. మా ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు చేయము. పెద్ద నగరాలకు వెళ్ళి చేయించుకుని, ఇంటికి వచ్చాక వాంతులనీ, నీరసమనీ, రక్తం తగ్గిందనీ మా వార్డులలో చేరేవారికి మాత్రం మేమే సేవ చేస్తున్నాము. ఆపరేషన్ ఎలా చేయాలో సర్జన్లకే తెలుసు. చేసిన తరువాత ఇంట్లో ఏమి జరుగుతుందో నర్సులమైన మాకు కూడా కొంత తెలుసు. ఆ అనుభవంతోనే ఇది వ్రాస్తున్నాము.

ముందుగా, ఇది అందరికీ కాదు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. అది 40 దాటినవారికి, లేదా 35 దాటి షుగరు, బి.పి. వంటి జబ్బులు ఉన్నవారికి ఆపరేషన్ చేయవచ్చునని 1991లో అమెరికాలో నిర్ణయించారు. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఈ హద్దును తగ్గించి, మన ఆసియా వారి విషయంలో 27.5 నుండే ఆలోచించవచ్చునన్నాయి. మన దేశంలో ఇన్సూరెన్సు నియమాలు మాత్రం 2019లో పాత హద్దులకు దగ్గరగానే పెట్టారు. కాబట్టి డాక్టరు సరే అన్నా కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు, ముందే కనుక్కోండి. అయిదడుగుల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న అమ్మాయిని పెళ్ళిచూపులకు ముందు "కడుపు చిన్నది చేయించండి" అని తీసుకువచ్చే తల్లిదండ్రులను మేము చూస్తున్నాము. ఆ అమ్మాయి బి.ఎం.ఐ. 26. ఆమెకు ఏ ఆపరేషనూ అక్కరలేదు.

ఇక రకాల విషయానికి వద్దాము. కడుపు చుట్టూ కట్టే బ్యాండ్ ఒకప్పుడు బాగా నడిచింది. తరువాత చాలామందికి దాన్ని తీసివేయవలసి వచ్చింది, ఇప్పుడు అరుదుగా వేస్తున్నారు. బెలూన్‌ను సాధారణంగా కొన్ని నెలలకే తీసేస్తారు, దాన్ని ఆపరేషన్‌తో పోల్చకూడదు. నిజమైన ఎంపిక స్లీవ్, బైపాస్‌ల మధ్యనే ఉంటుంది.

స్లీవ్‌లో కడుపులో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేస్తారు. మిగిలినది అరటిపండు ఆకారంలో సన్నగా ఉంటుంది. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా పోతుంది గనుక ఆకలి తగ్గుతుంది. ప్రేగుల జోలికి వెళ్ళరు. తీసేసిన కడుపు మళ్ళీ రాదు. బైపాస్‌లో కడుపు పైభాగాన కోడిగుడ్డంత సంచి మాత్రం ఉంచి, చిన్నప్రేగు మొదటి భాగాన్ని దాటించి క్రింది భాగానికి కలుపుతారు. తినేది తగ్గుతుంది, తిన్నదానిలో ఇనుము, కాల్షియం, బి12 ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది. మన దేశంలో మినీ బైపాస్ కూడా చాలా చేస్తున్నారు. అందులో అతుకు ఒక్కటే. అయితే పసరు పైకి తన్నే అవకాశం ఉంది, ప్రేగును ఎక్కువ పొడవు దాటిస్తే మాంసకృత్తుల లోపం వస్తుంది. పప్పు కూడా పలచగా వండుకునే శాకాహారుల ఇళ్ళలో ఇది చిన్న సంగతి కాదు.

"స్లీవ్ చిన్న ఆపరేషన్, బైపాస్ పెద్దది, చిన్నదే చేయించుకుందాము" అని చాలామంది తేల్చేస్తారు. ఈ లెక్క మాకు నచ్చదు. ఫిన్లాండులో 240 మందిని రెండు వర్గాలుగా చేసి, పదేళ్ళు గమనించి 2022లో ఫలితాలు చెప్పారు. బరువు బైపాస్ వారికి కొంత ఎక్కువ తగ్గింది. షుగరు అదుపులో పదేళ్ళకు చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ గొట్టం వేసి చూస్తే అన్నవాహికలో పుండ్లు, వాపు స్లీవ్ వారిలో నూటికి 31 మందికి, బైపాస్ వారిలో 7 మందికి కనబడ్డాయి. ఇప్పటికే పులితేన్పులతో, ఛాతీలో మంటతో రాత్రి రెండు దిండ్లు వేసుకుని పడుకునేవారు సర్జన్‌కు ఆ మాట తప్పక చెప్పాలి. అటువంటివారికి బైపాసే మేలని మా అభిప్రాయం.

మరి మోకాళ్ళ నొప్పులకు రోజూ బిళ్ళ వేసుకునేవారి సంగతి? మన పల్లెల్లో మందుల షాపులో అడిగితే చాలు, నొప్పుల బిళ్ళ ఇస్తారు. బైపాస్ అయినవారికి ఆ బిళ్ళలు అతుకు దగ్గర పుండు పుట్టిస్తాయి. చుట్ట, బీడీ, సిగరెట్టు కూడా అంతే. నల్లటి విరేచనాలతో వచ్చినవారిని "ఏమి బిళ్ళలు వాడారు?" అని అడిగితే, "ఒళ్ళు నొప్పులకే కదా సిస్టర్" అంటారు. ఈ అలవాటు మానలేనివారు బైపాస్‌కు వెళ్ళకపోవడం మంచిది.

రక్తహీనత సంగతి ఇంకా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోనూ సగానికి పైగా స్త్రీలకు రక్తం తక్కువే. అటువంటి ఒంటిమీద బైపాస్ చేస్తే జీవితాంతం బిళ్ళలు, ఏడాదికొకసారైనా పరీక్షలు తప్పవు. స్లీవ్ వారికీ బిళ్ళలు ఉంటాయి, బైపాస్ వారు మానితే నష్టం మరీ ఎక్కువ. ప్యాకేజీ ధరలో ఇవి ఉండవు. నెలనెలా కొనే స్తోమత, కొనిపెట్టే మనిషి ఉన్నారా అని ఎవరూ అడగరు. మేము అడుగుతాము. అత్తగారికి కాఫీ మానడమే కష్టమైన ఇంట్లో కోడలి విటమిన్ బిళ్ళలకు నెలనెలా డబ్బు ఎవరు తీస్తారో ముందే మాట్లాడుకోవాలి. పిల్లలు కావాలనుకునేవారు ఆపరేషన్ అయ్యాక ఏడాది నుండి ఏడాదిన్నర ఆగాలని కూడా భర్తకు ఎదురుగానే చెప్పించుకోండి.

ఒక సోదరి ఆపరేషన్ అయిన రెండు నెలలకు మా వద్దకు వచ్చింది. మూడు వారాలుగా వాంతులు, కాళ్ళలో తిమ్మిర్లు, నడిస్తే తూలడం. ఊళ్ళో గ్లూకోజు సీసాలు ఎక్కించారు. విటమిన్ బి1 లేని ఒంట్లోకి గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం. ముందు బి1 ఇంజెక్షన్ పడాలి. ఈ సంగతి ఆమె డిశ్చార్జి కాగితంలో ఉన్నదేమో, అది నాలుగు పేజీల ఇంగ్లీషులో ఉంది. భర్త ఆటో నడుపుకునే మనిషి. ఆమె లేచి నడవడానికి నెల పట్టింది.

ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఆపరేషన్ ఎందుకు అనేవారూ ఉన్నారు. 2025 నుండి అవి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. మానేస్తే బరువు తిరిగి పెరుగుతుంది, ఖర్చు నెలనెలా ఉంటుంది. అది వేరే చర్చ.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సర్జన్‌తో పాటు అక్కడి నర్సుతో, డైటీషియన్‌తో కూడా కూర్చోండి. ఇంటికి వెళ్ళేటప్పుడు తెలుగులో ఒక చిన్న కార్డు వ్రాసి ఇమ్మని అడగండి: చేసిన ఆపరేషన్ పేరు, తేదీ, జీవితాంతం వేసుకోవలసిన బిళ్ళలు, వేసుకోకూడని నొప్పుల బిళ్ళల పేర్లు, వాంతులు ఆగకపోతే గ్లూకోజు కన్నా ముందు బి1 ఇవ్వాలన్న మాట. ఆ కార్డును పర్సులో పెట్టుకోండి. ఊళ్ళో ఏ డాక్టరు వద్దకు వెళ్ళినా ముందు అదే చూపించండి.