నేల లేని జాతికి ఎన్నికలెందుకు?



ప్రవాస టిబెటనులు తమ నాయకునెన్నుకొనుట దేశము లేనివారి వ్యర్థప్రయాస యని గత సంచికలో పాఠకులొకరు వెలిబుచ్చిన అభిప్రాయముతో నేనేకీభవింపజాలను.

తూర్పు పాకిస్తానునుండి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ఆశ్రయమిచ్చిన ఈ సింధనూరు తాలూకాలో, తుంగభద్ర కాలువనీటిని నమ్మి ఆంధ్రమునుండి వలసవచ్చిన రైతుల క్యాంపునందు పెరిగిన నాకు, ఊరు విడిచినవానికి తనవారి నడుమ తన మాట చెల్లుటకంటె మించిన ఊరట లేదని అనుభవమువలన తెలియును.

1960 సెప్టెంబరు 2న తొలి ప్రతినిధిసభ నేర్పరచుకొని, 2001లో కార్యనిర్వాహకాధిపతిని ప్రత్యక్షముగా నెన్నుకొని, 2011లో దలైలామా తన రాజకీయాధికారమును స్వచ్ఛందముగా విడనాడగా ఆ భారమును ఎన్నికైన నాయకునకే అప్పగించిన జాతి, పరదేశమున నుండియు ప్రజాస్వామ్యమును శ్రద్ధతో అభ్యసించుచున్నది. మన కర్ణాటకమందలి బైలకుప్పెలో జన్మించిన పెన్పా ట్సెరింగ్ 2021లో సిక్యోంగ్ అను ఆ కార్యనిర్వాహకాధిపతి పదవికి ఎన్నికగుట ఇందులకు నిదర్శనము. వారి ఎన్నికలలో సాధారణముగా ప్రాథమికమనియు, తుదిదనియు రెండు విడతల పోలింగు జరుగును; పదునెనిమిదేండ్లు నిండినవారు, భిక్షువులుసైతము, ఓటు వేయుదురు.

స్వదేశమున, ఇంటి ముంగిటనే పోలింగుకేంద్రముండియు ఓటువేయ బద్ధకించు మనము, వారి ప్రయాసను వ్యర్థమనుటకు ముందు, వారినుండి ఆ శ్రద్ధను నేర్చుకొందుము గాక!

— ఒక పాఠకుడు,
సింధనూరు తాలూకా, రాయచూరు జిల్లా